కుడివైపు తిరిగి చూడండి

(మెల్లగా కదులుతూ ఒంటిని గమనించడం నేర్పే ఫెల్డెన్‌క్రైస్ పద్ధతి గురించి, రిటైరైన ఒక లెక్కల టీచరు ఒక ఆదివారం ఉదయం గ్రంథాలయం హాల్లో చేసిన ప్రసంగానికి అక్షరరూపం ఇది. వచ్చినవారిలో ఎక్కువమంది అరవై దాటినవారు. మధ్యలో అందరూ కుర్చీల్లో కూర్చుని చేసిన అభ్యాసాన్ని కూడా ఉన్నదున్నట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారమండీ.

మాటల్లోకి వెళ్లేముందు ఒక చిన్న పని చేద్దాం. కుర్చీలో కాస్త ముందుకు జరిగి, వీపు ఆనించకుండా కూర్చోండి. చెప్పులు విప్పేసి రెండు పాదాలూ నేలకి ఆనించండి. చేతులు తొడలమీద పెట్టుకోండి. ఇప్పుడు మెల్లగా కుడివైపు తిరిగి వెనక్కి చూడండి. బలవంతం వద్దు. సులువుగా ఎంతవరకు వెళ్తే అంతవరకే. అక్కడ మీ ముక్కుకి సూటిగా ఏముందో చూసుకోండి. కిటికీ ఊచ కావచ్చు, గోడమీద క్యాలెండరు కావచ్చు. గుర్తుపెట్టుకున్నారా? ఇటు వచ్చేయండి. ఎడమవైపు కూడా ఒక్కసారి అలాగే తిరిగి, అక్కడ కూడా ఒక గుర్తు చూసుకోండి. సరే. ఈ రెండు గుర్తులూ మనసులో ఉంచుకోండి. మళ్లీ వాటి దగ్గరికే వస్తాం.

నేను ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. రోజుకి ఐదారు పీరియడ్లు, అన్నీ బోర్డు మీదే. మా ఊళ్లో నాకు జాకెట్లు కుట్టే టైలరు ప్రతిసారీ ఒకే మాట అనేవాడు: "అమ్మా, మీ కుడి భుజం ఎత్తుగా ఉంటుందండీ. అందుకే ఎడమపక్క జారుతోంది. ఆ పక్క కాస్త లోపలికి పట్టాను." నేను సరే అనేదాన్ని. కొలతలో తేడా అనుకునేదాన్ని తప్ప నా ఒంట్లో తేడా అనుకోలేదు. మెడనొప్పి వస్తే దిండు మార్చాను. తలనొప్పి వస్తే కళ్లద్దాలు మార్చాను. భుజం నాది, అది ఎక్కడుందో తెలిసింది మాత్రం టైలరుకి.

రిటైరయ్యాక ఒకరోజు వంటింట్లో గ్లాసుతో మంచినీళ్లు తాగుతూ గమనించాను. గ్లాసు పైకి లేస్తుంటే భుజం కూడా లేచి చెవి దగ్గరికి వచ్చేస్తోంది. ఊపిరి ఆగిపోతోంది. గ్లాసుడు నీళ్లకి భుజంతో పనేముంది? మోచెయ్యి మడిస్తే చాలు. బోర్డుకి పైవరస అందడానికి భుజం ఎత్తి ఊపిరి బిగబట్టి రాసిన అలవాటు, బోర్డు పోయి మూడేళ్లయినా నా చేతిని వదల్లేదు. తలుపు గడియ తీసినా, దండెం మీద బట్టలు ఆరేసినా, సంతకం పెట్టినా నేను పైవరసలోనే రాస్తున్నాను.

అప్పటికి మూడు నాలుగు నెలలుగా నేను ఒక పద్ధతి నేర్చుకుంటున్నాను. మా అమ్మాయి పురిటికి శాన్ ఫ్రాన్సిస్కో దగ్గరికి వెళ్లి ఆరునెలలు ఉన్నాను. అక్కడ నేలమీద పడుకుని మెల్లమెల్లగా కదిలే ఒక క్లాసుకి తీసుకెళ్లింది. మొదటిరోజు గంటసేపు చేసినా చెమట పట్టలేదు. ఇదేం వ్యాయామం అనుకున్నాను. ఇది వ్యాయామం కాదని తర్వాత తెలిసింది. ఫెల్డెన్‌క్రైస్ పద్ధతి అంటారు దీన్ని.

మోషే ఫెల్డెన్‌క్రైస్ 1904లో, ఇప్పటి ఉక్రెయిన్‌లో ఉన్న స్లావుటా అనే ఊళ్లో పుట్టాడు. పద్నాలుగేళ్లకే ఇల్లు వదిలి పాలస్తీనా వెళ్లి కూలిపని చేశాడు. 1929లో ఫుట్‌బాల్ ఆడుతుంటే మోకాలు దెబ్బతింది. తర్వాత పారిస్ వెళ్లి ఇంజినీరింగ్ చదివి, నోబెల్ బహుమతి పొందిన ఫ్రెడెరిక్ జోలియో-క్యూరీ దగ్గర పరిశోధనలో పనిచేశాడు. అక్కడే 1933లో, జూడోని రూపొందించిన జిగోరో కానోని కలిశాడు. జూడోలో బ్లాక్ బెల్ట్ సంపాదించాడు. 1940లో జర్మన్లు ఫ్రాన్సులోకి రావడంతో బ్రిటన్ చేరి, జలాంతర్గాముల్ని కనిపెట్టే పరిశోధనలో నౌకాదళానికి పనిచేశాడు. ఓడల తడి డెక్కుల మీద జారి పాత మోకాలు మళ్లీ తిరగబెట్టింది. ఆపరేషన్ చేస్తే బాగుపడే అవకాశం సగానికి సగమే అన్నారట. అంత తక్కువ నమ్మకానికి కాలు అప్పగించనన్నాడు.

ఆయన తన గురించి చెప్పుకున్న ఒక సంగతి నాకు చాలా ఇష్టం. చెడ్డకాలు కట్టుకుని మంచికాలి మీద గెంతుతూ వస్తుంటే, జారిపడి మంచికాలు కూడా బెణికింది. ఎలాగో ఇంటికి చేరి పడుకున్నాడు. నిద్ర లేచేసరికి, నెలల తరబడి బరువు మొయ్యని ఆ చెడ్డకాలి మీద నిలబడగలిగాడు. రాత్రికి రాత్రి మోకాలి లోపలి చిరుగు అతుక్కోదు కదా. మరి మారిందేమిటి? మోకాలు మారలేదు, మోకాల్ని నడిపే తీరు మారింది. మంచికాలు అక్కరకు రాకుండా పోయేసరికి మెదడు ఇంకో దారి వెతుక్కుంది. ఆ దారి మొదట్నించీ ఉన్నదే అయితే అంతకాలం ఎందుకు కనబడలేదు? ఆ ప్రశ్న వెంట ఆయన జీవితాంతం నడిచాడు. 1984లో టెల్ అవీవ్‌లో పోయేవరకూ అదే పని.

ఆయన భార్య పిల్లల డాక్టరు. అందువల్ల పసిపిల్లలు కదలడం నేర్చుకునే తీరుని దగ్గరనుంచి చూసే అవకాశం ఆయనకి దొరికింది. ఈ విషయం చదివినప్పుడు నాకు వేరే వివరణ అవసరం లేకపోయింది. ఎందుకంటే ఎదురుగా మనవడున్నాడు.

మన ఇళ్లలో బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు అంటాం. బిడ్డ నేర్చుకున్న ఒక్కొక్క కదలికకి ఒక్కో పిండివంట చేసి ఊరికి పంచుతాం. కానీ ఆ బోర్లా పడటం వెనక ఎంత పని ఉందో నేను మొదటిసారి మనవణ్ని చూశాకే గమనించాను. వాడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పక్కన ఎర్రగిలక. ముందు కళ్లు అటు వెళ్లాయి. కళ్ల వెంట తల వెళ్లింది. ఒక కాలు పైకి లేచి, ఊగి, పక్కకి వాలింది. దాంతో నడుము తిరిగింది. భుజం దగ్గర ఆగిపోయింది, చెయ్యి కింద ఇరుక్కుంది. మళ్లీ వెల్లకిలా పడిపోయాడు. గుప్పెట నోట్లో పెట్టుకుని కాసేపు ఊరుకున్నాడు. మళ్లీ మొదలు. ఈసారి కాలు కాస్త ఎత్తు తక్కువగా. ఇలా వారం రోజులు. ఎవరూ "పదిసార్లు చెయ్యి నాన్నా" అని లెక్కపెట్టలేదు. పళ్లు బిగించలేదు, అసలు పళ్లే లేవు వాడికి. ఒకరోజు ఆ చెయ్యి దానంతటదే బయటికి వచ్చింది, వాడు బోర్లా పడ్డాడు. మా వాళ్లు బొబ్బట్ల హడావిడిలో పడ్డారు. నేను మాత్రం వాడి పక్కనే నేలమీద పడుకుని, కళ్లనుంచి మొదలుపెట్టి వాడిలాగే తిరిగి చూశాను. నా నడుము ఎక్కడుందో అరవై ఏళ్లకి ఆరోజు తెలిసింది.

ఈ తెలియడం అనేది ఏమిటి? కళ్లు మూసుకుని మీ కుడిచెయ్యి ఎక్కడుందో చెప్పమంటే చెప్తారు. చూడకుండా ఎలా తెలిసింది? కండరాల్లో, కీళ్లలో ఉన్న సున్నితమైన గ్రాహకాలు ఎంత సాగాం, ఎంత వంగాం అన్న కబురు క్షణక్షణం మెదడుకి పంపుతుంటాయి. చార్లెస్ షెరింగ్టన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1906లో దీనికి ప్రొప్రియోసెప్షన్ అని పేరు పెట్టాడు. పంచేంద్రియాలు అని మనం లెక్కపెట్టేవాటిలో ఇది లేదు. పోతే తెలుస్తుంది దీని విలువ. 1971లో ఒక పందొమ్మిదేళ్ల ఇంగ్లీషు కుర్రాడికి ఇన్ఫెక్షన్ తర్వాత మెడనుంచి కిందికి ఈ కబురు మొత్తం ఆగిపోయింది. కండరాల్లో బలం ఉంది. పక్షవాతం కాదు. అయినా లేచి కూర్చోలేకపోయాడు. ఎంతోకాలం కష్టపడి, కాలు కదపాలంటే కాలిని చూస్తూ, చెయ్యి కదపాలంటే చేతిని చూస్తూ నడవడం నేర్చుకున్నాడు. గదిలో దీపం ఆరిపోతే కూలిపోయేవాడు.

మనకి ఆ కబురు ఆగలేదు, వస్తూనే ఉంది. మనమే వినడం మానేశాం. ఎందుకు వినబడట్లేదో లెక్కల టీచరుగా ఒక లెక్క చెప్తాను. జర్మనీలో ఎర్నెస్ట్ వెబర్ అనే శాస్త్రవేత్త 1830ల్లో బరువుల మీద ప్రయోగాలు చేశాడు. చేతిలో ఉన్న బరువుకి ఎంత కలిపితే తేడా తెలుస్తుంది? సుమారు నలభయ్యో వంతు కలిపితే అని తేల్చాడు. ఇప్పుడు 25 కిలోల బియ్యం బస్తా భుజాన వేసుకున్నారనుకోండి. నలభయ్యో వంతంటే 625 గ్రాములు. బస్తా మీద అరకిలో పంచదార పొట్లం పెట్టినా మోసేవాడికి తేడా తెలియకపోవచ్చు. అదే చేతిలో 400 గ్రాముల పొట్లం ఉంటే, 10 గ్రాములు కలిపినా తెలిసిపోతుంది.

ఇంతే సూత్రం. మీరు గట్టిగా, వేగంగా, బిగబట్టి చేసినప్పుడు ఒళ్లంతా బియ్యం బస్తా. అందులో ఒక చిన్న అనవసరపు బిగువు ఉన్నా మీకు వినబడదు. మెల్లగా, తక్కువగా చేసినప్పుడు భుజం ఎప్పుడు లేచింది, దవడ ఎప్పుడు బిగిసింది, ఊపిరి ఎక్కడ ఆగింది అన్నీ తెలుస్తాయి. తెలిసింది వదలగలం. తెలియనిదాన్ని వదలమంటే ఎలా వదులుతాం? అందుకే ఈ పాఠాలు ఎక్కువగా పడుకుని చేయిస్తారు. నిలబడినప్పుడు పడిపోకుండా నిలబెట్టే పని కండరాలకి ఉంటుంది. పడుకుంటే ఆ బరువు నేల తీసుకుంటుంది.

సభలో యోగాసనాలు చేసేవారు చాలామంది ఉన్నారు, చేతులెత్తారు ఇందాక. మీకు ఇది కొత్త మాటేం కాదు. పతంజలి "స్థిరసుఖమాసనమ్" అని చెప్పిన వెంటనే, అది ఎలా సిద్ధిస్తుందో చెబుతూ మొదట అన్నమాట "ప్రయత్నశైథిల్యం". ప్రయత్నం సడలడం. నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. ఈరోజు ఎన్నో చోట్ల ఆసనం అంటే పక్కవాడికన్నా ఎక్కువ వంగడం అయిపోయింది. ఫోటోలో చెయ్యి కాలివేలికి అందిందా లేదా అన్నదే చూస్తున్నారు. అరవై ఐదేళ్ల మనిషి పళ్లబిగువున ముందుకి వంగి, నడుము పట్టేసి, నెలరోజులు మంచం మీద ఉండటం నేను కళ్లారా చూశాను. ఆయన చేసిన దాంట్లో సుఖం ఎక్కడ? శైథిల్యం ఎక్కడ? దయచేసి మీ పిల్లలకైనా ఇది చెప్పండి: వేలికి చెయ్యి అందకపోయినా ఫరవాలేదు, వంగుతున్నప్పుడు ఊపిరి ఆగకపోతే చాలు.

రండి, ఇప్పుడు మన పని చేద్దాం. కేవలం కుడివైపే. ఎడమవైపు చెయ్యకండి, ఎందుకో తర్వాత చెప్తాను. ఎక్కడైనా నొప్పి అనిపిస్తే కదలిక సగానికి తగ్గించండి. అయినా నొప్పే అయితే ఊరికే కూర్చుని మనసులో చేయండి. మెడలో ఆపరేషన్ అయినవారు, తిరిగితే కళ్లు తిరిగేవారు మనసులోనే చేయండి.

కుడివైపు తిరగండి, హాయిగా ఉన్నచోట ఆగండి. తల అక్కడే ఉంచి, కళ్లు మాత్రం ఎడమకి పంపండి. మళ్లీ కుడికి. కళ్లు మాత్రమే. నాలుగైదుసార్లు. కొందరికి కళ్లతోపాటు గడ్డం కూడా వెళ్లిపోతుంది, చూసుకోండి. ఊపిరి ఆడుతోందా? చాలు, ముందుకు రండి. ఆగండి. ఈ ఆగడం కూడా పాఠంలో భాగమే.

ఇప్పుడు ముఖం నావైపే ఉంచండి. భుజాలు మాత్రం కుడికి తిప్పండి, ముక్కు నావైపే. మళ్లీ మధ్యకి. మెల్లగా. ఇక్కడ ముందు వరసలో ఒక పెద్దాయన చేతివేళ్లు మోకాళ్లని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. బాబుగారూ, మీ వేళ్లు ఏం పట్టుకుంటున్నాయో ఒక్కసారి చూసుకోండి. ఆఁ, అదీ. వదిలేశాక తేడా తెలిసిందా? తిరిగేది నడుము, శ్రమ పడుతున్నది వేళ్లు. అందరం ఇలాగే, ఎవరికి వాళ్లం ఏదో ఒకటి పట్టుకుని ఉంటాం.

మరొకటి. భుజాలు కుడికి వెళ్తుంటే తల, కళ్లు ఎడమకి వెళ్లాలి. చిన్నగా. తికమకగా ఉంటే మంచిదే. అలవాటైన దారిలో అడ్డంగా ఒక కర్ర వేశామన్నమాట. తొందరపడకండి. ఎవరు ముందు చేశారన్న లెక్క ఇక్కడ లేదు. చాలు. ఆగండి.

చివరిది. ఎడమ మోకాలు కొద్దిగా, ఒక్క అంగుళం, ముందుకి జరపండి. పాదం కదలక్కర్లేదు. మోకాలు ముందుకి వెళ్తే కటి దానంతటదే కుడికి తిరుగుతుంది. కుర్చీకి ఆనుకున్న కుడివైపు ఎముక మీద బరువు పెరగడం తెలుస్తోందా? వెనక్కి రండి. మళ్లీ. మన పెద్దవాళ్లు పీటమీద కూర్చుని, పక్కనున్న గిన్నె అందుకోవాలంటే తుంటి తిప్పి అందుకునేవారు. మనం తుంటిని కుర్చీకి అప్పగించి మెడ ఒక్కదాన్నే తిప్పుతున్నాం. పాపం ఆ మెడ ఒక్కటే ఎంతని తిరుగుతుంది?

ఇప్పుడు అన్నీ కలిపి, మోకాలు, కటి, భుజాలు, తల, కళ్లు, అన్నీ కుడికి. మెల్లగా. మొదట పెట్టుకున్న గుర్తు చూడండి. దాటారా?

(సభలో కలకలం. "క్యాలెండరు దాటి తలుపు దాకా వచ్చిందండీ" అని ఒకరు.)

మీ కండరాలు ఈ ఏడెనిమిది నిమిషాల్లో సాగలేదు. ఎవరూ మీ మెడ పట్టి తిప్పలేదు. ఒంట్లో మిగిలినవాళ్లు కూడా పనిలోకి వచ్చారు, అంతే. ఫెల్డెన్‌క్రైస్ టెల్ అవీవ్‌లో అలెగ్జాండర్ యనాయ్ వీధిలో ఏళ్ల తరబడి ఇలాంటి పాఠాలే చెప్పాడు. రికార్డయినవే అయిదువందలకి పైగా ఉన్నాయి. తన దగ్గరికి వచ్చేవారిని ఆయన రోగులు అనేవాడు కాదు, విద్యార్థులు అనేవాడు. వారిలో ఒకరు ఇజ్రాయెల్ మొదటి ప్రధాని బెన్-గురియన్. నడుమునొప్పితో బాధపడిన ఆ మనిషి, 1957లో, డెబ్భై దాటిన వయసులో సముద్రపు ఒడ్డున తలకిందులుగా నిలబడి ఉన్న ఫోటో ప్రపంచమంతా తిరిగింది. మిమ్మల్ని తలకిందులుగా నిలబడమని చెప్పట్లేదండీ, నేను నిలబడను కూడా. నా సంతోషం చిన్నది. ఈమధ్య టైలరు కొలత తీసుకుంటూ "కుడిపక్క దించాల్సి వచ్చిందమ్మా" అన్నాడు.

దీనితో ఏ జబ్బయినా నయమవుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. 2015లో ఆస్ట్రేలియా ప్రభుత్వం అనేక ప్రత్యామ్నాయ పద్ధతుల్ని పరిశీలించినప్పుడు, ఇది పనిచేస్తుందనడానికి స్పష్టమైన ఆధారం దొరకలేదంది. అదే ఏడాది వచ్చిన ఇంకో సమీక్ష ఇరవై ప్రయోగాల్ని కలిపి చూసి, పెద్దవయసువారిలో తూలిపోకుండా నిలదొక్కుకునే శక్తికి ఇది తోడ్పడుతున్నట్టు ఉందనీ, అయితే ఆ ప్రయోగాల నాణ్యత ఒకేలా లేదనీ చెప్పింది. రెండూ మీకు తెలియాలి. కాలు తిమ్మిరెక్కి బలం తగ్గుతున్నా, రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి ఉన్నా ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇది వైద్యం కాదు, చదువు. చదువు మీద నాకున్న నమ్మకంతోనే ఇక్కడ నిలబడ్డాను. అరవై దాటాక కొత్త భాష రాదంటారు. మనం పుట్టినప్పటినుంచీ మనతో మాట్లాడుతున్న భాష ఇది.

రోజూ గంటసేపు కేటాయించమని అడగను. పొద్దున్న మంచం దిగేముందు రెండు నిమిషాలు, వెల్లకిలా పడుకునే, మోకాళ్లు మడిచి, రెండింటినీ కలిపి కుడికి కొంచెం, ఎడమకి కొంచెం ఊపండి. ఏ పక్క సులువో చూడండి. కష్టంగా ఉన్న పక్కని సరిచేయబోకండి. సులువుగా ఉన్న పక్క ఎలా చేస్తోందో గమనించండి, రెండోపక్క దాన్ని చూసి నేర్చుకుంటుంది. ముగ్గు వేసేవారు వేస్తున్నప్పుడే చూసుకోండి, వేళ్లమధ్య పిండి జారుతున్నప్పుడు నాలుక పంటికింద ఉందా అని. బండి మీద వెళ్లేవారు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు హ్యాండిల్‌ని ఎంత గట్టిగా పట్టుకున్నారో చూసుకోండి. బండి ఆగింది, పట్టు ఆగలేదు.

ఎడమవైపు సంగతి మిగిలిపోయింది. కళ్లు మూసుకోండి. ఒంట్లో ఏదీ కదపకుండా, ఇందాక కుడివైపు చేసినవన్నీ ఎడమవైపు మనసులో చేయండి. ఎడమకి తిరిగి ఆగారు, కళ్లు కుడికి వెళ్లి వస్తున్నాయి... భుజాలు ఎడమకి, ముక్కు నావైపే... భుజాలు ఎడమకి, తల కుడికి... ఇప్పుడు కుడి మోకాలు అంగుళం ముందుకి, బరువు ఎడమ ఎముక మీదికి. ఊహలో కూడా భుజం బిగుసుకుంటోందేమో చూడండి. నాకయితే బిగుసుకునేది.

(సభ నిమిషంపాటు నిశ్శబ్దంగా ఉంది.)

కళ్లు తెరవండి. ఇప్పుడు నిజంగా, మెల్లగా, ఎడమవైపు తిరగండి. ఎడమవైపు ఇందాక పెట్టుకున్న గుర్తు ఎక్కడుంది?

వెంటనే ముందుకి రాకండి. అక్కడే ఉండి ఒక్క ఊపిరి తీసుకోండి.